లాగ్ ఫైలులోకి ఎర్రర్ మెసేజీ ఎందుకు చేరలేదు?

ప్రశ్న: మా కొట్టు లెక్కల ఫైళ్లను లినక్స్ కంప్యూటరు నుంచి వేరే డిస్కుకు రోజూ రాత్రి 11 గంటలకు కాపీ చేసే షెల్ స్క్రిప్టును (వరసగా నడిచే కమాండుల ఫైలును), చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. జరిగినదంతా లాగ్ అనే ఫైలులో నమోదు కావాలని, అందులో ప్రతి కమాండు చివరా '2>&1 > లాగ్' అని రాశాను. లాగ్‌లో రోజూ 'పూర్తయింది' అనే ఉంటోంది. కానీ డిస్కు నిండిపోయి పది రోజులుగా కాపీయే జరగలేదని నిన్న తెలిసింది. ఆ ఎర్రర్ లాగ్‌లో ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన గుర్తులన్నీ సరైనవే, వాటి వరస తప్పింది. ప్రోగ్రాము మామూలుగా చెప్పే మాటలు 1వ నంబరు దారిలోనూ, ఎర్రర్లు 2వ నంబరు దారిలోనూ బయటికి వస్తాయి. కమాండులను నడిపే షెల్ ఈ గుర్తులను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. 2>&1 అంటే 'ఈ క్షణాన 1 ఎక్కడికి పోతోందో 2 కూడా అక్కడికే పోవాలి' అని మాత్రమే అర్థం; ఆ తరువాత 1 ఇల్లు మారినా 2 పాత చిరునామాలోనే ఉండిపోతుంది. మీ స్క్రిప్టులో 1 ఆ తరువాతే ఫైలుకు మళ్లింది కనుక, ఎర్రర్లు క్రాన్ చేతికి పోయాయి. క్రాన్ వాటిని మెయిల్‌గా పంపాలని చూస్తుంది. మెయిల్ ఏర్పాటు లేని కంప్యూటరులో అవి ఎవరి కంటా పడవు.

రెండో పొరపాటు ఒంటి > గుర్తు. అది ఫైలును ప్రతిసారీ ఖాళీ చేసి రాస్తుంది కాబట్టి, మీ లాగ్‌లో చివరి కమాండు రాసిన 'పూర్తయింది' ఒక్కటే మిగిలింది. పాతది చెరగకుండా కింద చేర్చాలంటే >> వాడాలి.

ప్రతి కమాండు చివరా ఇదంతా రాసే బదులు, స్క్రిప్టు మొదట్లో ఒక్కసారి 'exec >> లాగ్ 2>&1' అని రాయండి; ఆ కింద ఉన్న కమాండులన్నిటి మాటలూ ఎర్రర్లూ ఆ ఫైలులోకే చేరతాయి. లాగ్‌కు పూర్తి పాత్ (ఏ ఫోల్డరులో ఉందో చెప్పే మొత్తం చిరునామా) ఇవ్వండి, లేకపోతే క్రాన్ దాన్ని మీ హోమ్ ఫోల్డరులో సృష్టిస్తుంది. కాపీ వెళ్లే డిస్కులో మాత్రం లాగ్‌ను పెట్టవద్దు. అది నిండిన రోజున, ఆ సంగతి రాసుకోవడానికి లాగ్‌కే చోటుండదు.

'పూర్తయింది' అన్న వాక్యం గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. కాపీ విఫలమైనా షెల్ ఆగకుండా తరువాతి కమాండుకు వెళ్తుంది కాబట్టి, అది రోజూ తప్పు సాక్ష్యం చెబుతూ వచ్చింది. కాపీ కమాండుకూ ఆ వాక్యానికీ మధ్య && పెడితే, కాపీ సవ్యంగా ముగిసినప్పుడే అది పడుతుంది. దాని పక్కన తేదీ, సమయం కూడా రాయించండి.

మార్పులు చేశాక, లేని ఫైలు పేరొకటి కాపీ కమాండుకు ఇచ్చి, స్క్రిప్టును క్రాన్ ద్వారానే ఒకసారి నడిపించండి. లాగ్‌లో ఆ ఫైలు లేదన్న ఎర్రర్ కనబడి, 'పూర్తయింది' కనబడకపోతే, అసలు పేరు తిరిగి పెట్టవచ్చు.