జ్వరం తగ్గిందని ఊరుకోవద్దు: వాననీటి సొరంగంలో దిగి వచ్చిన పాఠకుడికి డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 26. నగరాల అడుగున ఉండే వాననీటి కాలువలు, పాత మురుగు సొరంగాలు చూడాలన్న ఆసక్తి ఈ మధ్యే మొదలైంది. పన్నెండు రోజుల కిందట ఇద్దరు మిత్రులతో కలిసి మొదటిసారి ఒక వాననీటి సొరంగంలోకి దిగాను. నీళ్లు మోకాళ్ల లోపే ఉన్నాయి. మొదట్లో కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది కానీ పది నిమిషాల్లో అలవాటైపోయింది. పైకి వచ్చాక కాసేపు తలనొప్పి, కళ్ల మంట ఉన్నాయి. మడమ దగ్గర కొద్దిగా గీసుకుపోయింది. నాలుగు రోజుల కిందట జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే ఇంట్లో మిగిలి ఉన్న అజిత్రోమైసిన్ రెండు, డైక్లోఫెనాక్ నాలుగైదు వేసుకున్నాను. నిన్నటి నుంచి జ్వరం లేదు, పిక్కలు మాత్రం పట్టేసినట్టు ఉన్నాయి. వచ్చే నెల మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం. వాన పడే రోజు దిగకూడదన్న నియమం తప్పక పాటిస్తాం. ఎన్95 మాస్క్ సరిపోతుందా, ఇంకేదైనా కొనాలా? ముందు జాగ్రత్తగా డాక్సీసైక్లిన్ వేసుకోవచ్చా? బూట్లు, చేతి తొడుగులు ఎలాంటివి మంచివి?

జవాబు: మీరు మాస్కుల గురించి, మందుల గురించి, బూట్ల గురించి విడివిడిగా అడిగారు, జ్వరం విషయం మాత్రం అయిపోయిన సంగతిలా మధ్యలో చెప్పి వదిలేశారు. నన్ను ఆపింది ఆ మధ్యలో ఉన్న మాటే. కాబట్టి ముందు దాని గురించే రాస్తాను. కొనాల్సిన వస్తువుల సంగతి తరువాత చూద్దాం.

ఎలుకలు తిరిగే నీటిలో నిలబడడం, కాలికి గీసుకుపోయిన గాయం ఉండడం, ఎనిమిది రోజుల తరువాత జ్వరం రావడం, పిక్కల్లో నొప్పి మిగలడం, ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు ఏ వైద్యుడైనా మొదట అనుమానించాల్సిన జబ్బు లెప్టోస్పైరోసిస్. మనవాళ్లు ఎలుక జ్వరం అంటారు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి ఈ క్రిమి చర్మం మీది చిన్న గీత ద్వారా, నానిపోయిన చర్మం ద్వారా, కంటి పొర ద్వారా కూడా ఒంట్లోకి వెళుతుంది. లక్షణాలు సాధారణంగా 5 నుంచి 14 రోజుల మధ్య మొదలవుతాయి. కొందరిలో రెండు రోజులకే రావచ్చు, నెల రోజులు కూడా పట్టవచ్చు. మీకు ఈ జబ్బే ఉందని నేను అనడం లేదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఇలాగే మొదలవుతాయి, మిమ్మల్ని చూడకుండా ఉత్తరం చదివి రోగ నిర్ణయం చేయడం సాధ్యమూ కాదు, సబబూ కాదు. వంగి నడిచినందుకు పిక్కలు పట్టేశాయని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నడక వల్ల వచ్చే నొప్పి మూడు నాలుగు రోజుల్లో సర్దుకోవాలి. పన్నెండో రోజున కొత్తగా కనిపించదు.

జ్వరం తగ్గింది కదా అని మీకు అనిపించడం సహజమే. ఈ జబ్బులో చిక్కు అక్కడే ఉంది. చాలామందిలో ఇది రెండు విడతలుగా నడుస్తుంది. మొదటి విడతలో కొద్ది రోజులు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు ఉంటాయి. తరువాత ఒకటి రెండు రోజులు అన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. ఎక్కువ మందికి అక్కడితో నయమైపోతుంది కూడా. కొందరిలో మాత్రం ఆ విరామం తరువాత కామెర్లు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అవుతుంది. తీవ్రమైన ఈ రూపాన్ని 1886లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ వర్ణించారు కనుక నేటికీ దానిని వైల్స్ వ్యాధి అంటున్నారు. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు పది లక్షల మందికి ఈ జబ్బు వస్తుందని, దాదాపు 59 వేల మంది మరణిస్తున్నారని 2015లో వెలువడిన ఒక అంచనా.

ఇక నేను కొంచెం గట్టిగానే మాట్లాడాల్సిన విషయం ఇంట్లో మిగిలిన మాత్రలు. డ్రాయరులో మిగిలిన స్ట్రిప్పు ఎప్పుడో ఎవరికో, మరేదో జబ్బుకు రాసినది. రెండు అజిత్రోమైసిన్ మాత్రలు జబ్బును పూర్తిగా నయం చేస్తాయన్న నమ్మకం లేదు. పైగా రక్తంలో క్రిమి ఆనవాలు దొరకకుండా చేసి పరీక్షను తప్పుదోవ పట్టించగలవు. డైక్లోఫెనాక్ నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతోంది. జ్వరంతో ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీల మీద దాడి చేయగల జబ్బు అనుమానంలో ఉన్నప్పుడు, కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గించే నొప్పి మాత్రను రోజుకొకటి చొప్పున మింగడమంటే జబ్బుకు మనమే సాయం చేసినట్టు. దయచేసి ఆ మాత్రను ఇప్పుడే ఆపండి. జ్వరం మళ్లీ వస్తే పారాసిటమాల్ తగిన మోతాదులో వాడుకోవచ్చు, అది కూడా కామెర్లు లేవని వైద్యుడు చూసి చెప్పేంత వరకు పరిమితంగానే.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడిని ఇప్పటికీ మరచిపోలేదు. ఆరు రోజులుగా జ్వరం, నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు. ఎక్కడికైనా వెళ్లారా అని అడిగితే ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. పరీక్షించే బల్ల మీద పడుకోబెట్టి పిక్కను రెండు వేళ్లతో మెల్లగా నొక్కాను. కాలిని చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు కాలి వేళ్ల సందుల్లో చూస్తే నానిపోయి చిట్లిన చర్మం, సగం మానిన గాయం కనిపించాయి. మళ్లీ అడిగితే, పోగొట్టుకున్న వస్తువు కోసం మురుగు కాలువలో దిగానని, చెబితే తిడతారని చెప్పలేదని అన్నాడు. అప్పటికే మూత్రం తగ్గిపోయింది. వారం పాటు డయాలసిస్ అవసరమైంది, కోలుకున్నాడు. మొదటి రోజే ఆ ఒక్క మాట చెప్పి ఉంటే బహుశా మాత్రలతోనే పోయేది. అందుకే మీరు వైద్యుడి దగ్గర కూర్చోగానే మొట్టమొదట చెప్పాల్సింది జ్వరం గురించి కాదు, ఫలానా తేదీన మురుగు కలిసే నీటిలో నడిచానన్న సంగతి. అనుమతి లేని చోట దిగారేమో, అది చాలా చోట్ల నేరమే. కానీ అది నేను చూడాల్సిన విషయం కాదు, మిమ్మల్ని చూసే వైద్యుడికీ కాదు.

ఈ రోజే ఫిజీషియన్‌ను కలవండి. రక్త కణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, పొటాషియం, బిలిరుబిన్, మూత్ర పరీక్ష చేయించమని వారే అడుగుతారు. లెప్టో యాంటీబాడీ పరీక్ష మొదటి వారంలో తరచూ నెగెటివ్ వస్తుంది. ఆ కాగితం చూసి నిశ్చింతగా ఇంటికి వెళ్లవద్దు, అవసరమైతే కొన్ని రోజుల తరువాత మళ్లీ చేయించాలి. అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండానే వైద్యులు మందు మొదలుపెడతారు, అదే సరైన పద్ధతి. కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. మురికి గాయానికి అయిదేళ్లు దాటి ఉంటే సాధారణంగా మళ్లీ వేస్తారు.

ఇప్పుడు వాసన సంగతి. అలవాటైపోయింది అని మీరు రాసిన మాట మీద నాకు అభ్యంతరం ఉంది. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. గాలిలో పది లక్షల వంతులకు ఒక వంతు కూడా లేనప్పుడే మన ముక్కు దానిని పసిగడుతుంది. వంద వంతులకు చేరేసరికి కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన పూర్తిగా మాయమవుతుంది. ఆరోజు మీ చుట్టూ ఎంత వాయువు ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. తక్కువ మోతాదులో కూడా ముక్కు కొంత అలవాటు పడుతుంది. కానీ వాసన పోవడం, తలనొప్పి, కళ్ల మంట కలిసి వచ్చాయంటే అదృష్టం బాగుండి బయటపడ్డారని అనుకోవడమే క్షేమం. ఏడువందల వంతులు దాటితే ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోవచ్చు. ఈ వాయువు గాలి కన్నా బరువైనది, పల్లంలో నిలుస్తుంది. పైకి మామూలుగా కనిపించే నీటి అడుగున ఉన్న బురదను కాలితో కదిలించినా ఒక్కసారిగా వెలువడుతుంది.

ఎన్95 మాస్క్ ధూళిని ఆపుతుంది, వాయువును ఆపదు. వాయువును పీల్చుకునే డబ్బా బిగించిన మాస్క్ కూడా లేని ఆక్సిజన్‌ను సృష్టించలేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితే ఆ చోటును ప్రమాదకరంగా లెక్కిస్తారు, పది శాతం కన్నా దిగజారితే స్పృహ పోతుంది. మీథేన్ అయిదు నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఇవేవీ కంటికి కనిపించవు. అందుకే వృత్తిరీత్యా దిగేవారు ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులను కొలిచే మీటరును ముందుగా లోపలికి దించి చూస్తారు, అవసరమైతే బయటి నుంచి గాలి అందించే సెట్ వేసుకుంటారు, ఒంటికి తాడు కట్టుకుంటారు, పైన ఒక మనిషిని కాపలా ఉంచుతారు. శిక్షణ లేకుండా ఆ మీటరు ఒక్కటి కొనుక్కుని దిగమని నేను సలహా ఇవ్వలేను. లోపల ఒకరు పడిపోతే మరొకరు వెంటనే దూకకూడదు కూడా. మూసి ఉన్న చోట్ల మరణించినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికాలోని వృత్తిపరమైన భద్రత, ఆరోగ్య సంస్థ 1986లోనే హెచ్చరించింది.

వానకు దిగకూడదన్న నియమం మంచిదే. 1986లో మెల్‌బోర్న్‌లో మొదలైన, వాననీటి సొరంగాలు చూసి తిరిగేవారి బృందం కేవ్ క్లాన్ వల్ల ప్రచారంలోకి వచ్చిన మాట అది. అయితే అది కొట్టుకుపోకుండా కాపాడడానికి చెప్పిన మాట. వాయువుకు, ఎలుకలకు వర్తించదు. మీ తల మీద ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన ఆ సొరంగంలోకే వస్తుంది. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవారిని పడగొట్టగలదు.

డాక్సీసైక్లిన్ గురించి అడగడంలో తప్పు లేదు. పనామా అడవుల్లో శిక్షణ పొందిన అమెరికన్ సైనికులకు వారానికొకసారి ఇస్తే లెప్టో బాగా తగ్గిందని 1984లో ప్రచురించిన అధ్యయనం ఉంది. తరువాతి ఫలితాలు అంత స్పష్టంగా లేవు. వరద సహాయక చర్యల వంటి తప్పనిసరి పరిస్థితుల్లో వైద్యుడు ఆలోచించి ఇచ్చే మందు అది. సరదా కోసం దిగడానికి నేను రాయను. హెపటైటిస్ ఎ టీకా వేయించుకుంటే మంచిదే, మళ్లీ దిగినా దిగకపోయినా. బూట్లు తొడల వరకు వచ్చేవి కావాలి, బూట్లయినా చేతి తొడుగులైనా నీరు చొరబడనివైతే ఏవైనా ఒకటే.

నగరం అడుగు చూడాలన్న ఆసక్తి తప్పని నేను అనను. పారిస్‌లో 1867 నుంచే మురుగు సొరంగాల్లోకి సందర్శకులను తీసుకువెళుతున్నారు. ఇప్పుడు అక్కడ మ్యూజియమే ఉంది. మొదటిసారి చూసేవారు అలా గాలిని పరీక్షించి, దారి చూపించే మనిషి వెంట ఉండే చోటుకే వెళ్లాలి. వచ్చే నెల ప్రయాణం మాత్రం మీ కిడ్నీ పరీక్షలు మామూలుగా ఉన్నాయని తేలేదాకా వాయిదా వేయండి.

మీతో దిగిన ఇద్దరు మిత్రులకు ఈ రోజే ఫోన్ చేయండి. దిగిన తేదీ నుంచి 30 రోజుల లోపు వారిలో ఎవరికి జ్వరం వచ్చినా, నొప్పి మాత్ర వేసుకోకుండా, ఆ తేదీని కాగితం మీద రాసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లమని చెప్పండి.