నోట్లో మచ్చ గురించి రాస్తున్న తమ్మికి

తమ్మీ,

వ్యాసం చదివిన. హన్మకొండ పాన్‌డబ్బా కాడ పోరగాళ్లు గుట్కా ప్యాకెట్ పళ్లతో చింపి, రోజూ అదే దవడకు పెట్టుకోవడం కళ్లకు కట్టినట్టు రాశావు. కానీ ఆ వెంటనే "ఇమ్యూనిటీ తగ్గి క్యాన్సర్ వస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు నచ్చనిది అదొక్కటే, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది.

గుట్కా నమిలేవాళ్ల నోట్లో వచ్చే తెల్ల మచ్చలో కణాలు గతి తప్పడం మొదలైనప్పుడు రోగనిరోధక కణాలు మాయమైపోవు, పైగా చాలాసార్లు పొర కింద గుంపుగా చేరతాయి. వాటిలో తేడా కణాన్ని గుర్తుపట్టి చంపే సీడీ8 టీ కణాలుంటాయి. మరి క్యాన్సర్ ఎలా ముదురుతుంది? మచ్చ ముదిరేకొద్దీ ఆ చోట వాతావరణమే మారుతుంది. దాడిని అణచిపెట్టే రెగ్యులేటరీ టీ కణాలు పెరుగుతాయి, మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలలో కొన్ని క్యాన్సర్ గడ్డకే సాయం చేసేలా మారిపోతాయి, తేడా కణాలు తమ మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ నిలబెట్టుకుంటాయి. దాన్ని తాకిన టీ కణం పక్కనే ఉండి కూడా ఏమీ చేయలేక ఊరుకుంటుంది. ఇలాంటి అడ్డులను తొలగించే దారి చూపినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. తల, మెడ క్యాన్సర్లు ముదిరిన వాళ్లకు అమెరికాలో 2016లోనే అలాంటి మందులకు అనుమతి దొరికింది. అవి అందరికీ పనిచేయవు, ఆ మాట దాచకు.

పోకచెక్క నమిలేవాళ్లకు దవడలు బిగుసుకుపోయే జబ్బుకు వేరే పేరా పెట్టు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టని మనిషి జొన్నరొట్టెను ఎంత చిన్నగా తుంచుకుంటాడో, కూరలో కాస్త కారం తగిలితే ఎట్లా విలవిల్లాడుతాడో దగ్గరుండి చూసి రాయి. అక్కడ టీజీఎఫ్-బీటా అనే సంకేతం నోటి లోపలి పొర కింద నార పేరుకునేలా చేస్తుంది, అదే సంకేతం రోగనిరోధక కణాలను కూడా అణచివేస్తుంది. పొగాకు లేదు, ఉత్త పోకచెక్కే కదా అనేవాళ్లు మన దగ్గర చాలామంది. పోక ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004 నాటి సంపుటిలోనే చెప్పింది. ఇది తప్పకుండా రాయి.

ఇంకోటి, భయపెట్టకు. మచ్చలన్నీ క్యాన్సర్ కావు, కొన్నే అటు పోతాయి. ఎర్ర మచ్చ మాత్రం తెల్లదానికంటే ప్రమాదం. ఏది ఎటు పోతుందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే. భయపెడితే బీడీలు చుట్టే అమ్మలు, ఆటో నడిపే అన్నలు టెన్షన్‌తో ఇంకా దాచుకుంటారు. రెండు వారాలైనా మానని పుండు, గీకినా పోని మచ్చ ఉంటే దంత డాక్టరుకు చూపించమని పై పేరాలోనే పెట్టు, కింద వరకు చదవనివాళ్లే ఎక్కువ. మార్చి పంపు, చూస్తాను.

మీ అన్న