ఏడో తరగతిలో శాట్ రాయించవచ్చా? మా ఇద్దరు పిల్లల అనుభవం

టెక్సస్‌లో ఏడో తరగతి చదువుతున్న అబ్బాయి, బడిలో పెట్టిన కాగ్యాట్ అనే తెలివితేటల పరీక్షలో 99 పర్సెంటైల్, "శాట్ రాయించి చూడండి" అని టీచర్ సలహా. (శాట్ అంటే అమెరికాలో కాలేజీ ప్రవేశాల కోసం హైస్కూలు చివర్లో పిల్లలు రాసే పరీక్ష.) రాయిస్తే మేలా కీడా, తక్కువ వస్తే రేపు కాలేజీల వాళ్ళు చూస్తారా, ఏ పుస్తకాలు కొనాలి అని మీరు అడిగారు. మా ఇంట్లో ఇద్దరూ హైస్కూల్లో (ఇక్కడ అది తొమ్మిదో తరగతి నుంచి) అడుగు పెట్టకముందే శాట్ రాశారు. పెద్దమ్మాయితో రాయించి మంచి పని చేశాం. చిన్నవాడితో రాయించి తప్పు చేశాం. పరీక్ష ఒకటే, పెంపకం ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందో చెబుతాను, తరువాత మీ ఇష్టం.

2017లో మా అమ్మాయి నార్త్ కరోలినాలో ఏడో తరగతిలో ఉంది. అప్పట్లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారి టాలెంట్ ఐడెంటిఫికేషన్ ప్రోగ్రామ్ ఉండేది, అందరూ టిప్ అనేవారు. 1980లో మొదలైంది, కొవిడ్ కాలంలో మూతపడింది. బడి పరీక్షల్లో 95 పర్సెంటైల్ దాటిన ఏడో తరగతి పిల్లలను శాట్ గానీ, అలాంటిదే మరో పరీక్ష ఏసీటీ గానీ రాయమని ఉత్తరం పంపేవారు. ఆ ఉత్తరం సంగతి గుంటూరులో ఉన్న మా అమ్మకు ఫోనులో చెబితే, "ఏడో తరగతి పిల్లకు ఇంటర్ పిల్లల పరీక్ష ఎందుకే? రాయలేకపోతే దాని మనసు కష్టపడదూ?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

జవాబు తరువాత దొరికింది, అదీ మా అమ్మ వంటింట్లోని సోలలోనే. సోల నిండేదాకా బియ్యం ఎంతో అది సరిగ్గానే చెబుతుంది. నిండి పొర్లిపోయాక, పొర్లింది గుప్పెడా బస్తానా అన్నది చెప్పలేదు. దానికి కుంచం కావాలి. బడి పరీక్షలో 99 అంటే సోల నిండిందని మాత్రమే అర్థం. అలా నిండినవాళ్ళలో ఒకరు తరగతికి ఏడాది ముందుంటారు, ఒకరు నాలుగేళ్ళు ముందుంటారు. ఇద్దరి కాగితం మీదా అదే 99. ఇద్దరికీ అదే పాఠం.

ఈ కుంచం ఆలోచనను పట్టుకున్నవారు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే ఆచార్యులు. 1960ల చివర ఆయన దగ్గరకు పదమూడేళ్ళ పిల్లవాడు ఒకడు వచ్చాడు. ఏ బడి పరీక్షకూ అందకపోతుంటే శాట్ ఇచ్చి చూశారు. 1971లో అధ్యయనం మొదలుపెట్టి, 1972లో బాల్టిమోర్ ప్రాంతపు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో మొదటి టాలెంట్ సెర్చ్ జరిపారు. అంటే చిన్నపిల్లలతో శాట్ రాయించడం అనే ఆచారం పుట్టింది కాలేజీ సీటు కోసం కాదు, కొలత కోసం. ఈ ఒక్క ముక్క నాకు చిన్నవాడి వేళకు గుర్తుండి ఉంటే ఎంత బాగుండేదో.

డిసెంబరులో ఒక శనివారం. మా ఊరి హైస్కూలు గేటు దగ్గర దించాను. చుట్టూ గడ్డాలొచ్చిన అబ్బాయిలు, కారు తాళాలు తిప్పుకుంటూ వచ్చే అమ్మాయిలు. మధ్యలో రెండు జడలతో మా పిల్ల, చేతిలో పాస్‌పోర్టు, నాలుగు పెన్సిళ్ళు, డబ్బాలో పులిహోర. ఎవరో "అన్నయ్యకు తెచ్చావా?" అని అడిగారట. ముందుగా చదివించింది ఏమీ లేదు. ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలియడానికి నమూనా పరీక్ష ఒకటి చూపించాం, అంతే. అప్పటి కాగితపు పరీక్ష మూడు గంటలు, 154 ప్రశ్నలు. అందులో 20 లెక్కలు క్యాలిక్యులేటర్ లేకుండా చేయాలి. (ఇప్పుడు మొత్తానికీ క్యాలిక్యులేటర్ ఇస్తున్నారు. నాకు నచ్చలేదు, నన్ను ఎవరూ అడగలేదు కూడా.)

బయటకు వచ్చి కారు ఎక్కగానే అన్న మాట ఇది: "అమ్మా, వృత్తానికి కూడా సమీకరణం ఉంటుందట, నీకు తెలుసా?" చాలా వదిలేశానని కూడా చెప్పింది, కానీ ఆ గొంతులో దిగులు లేదు. రాత్రి భోజనాల దగ్గర పేపరు నాప్‌కిన్ మీద వృత్తం గీసి, కేంద్రం నుంచి అంచుకు గీత లాగి, కింద లంబకోణ త్రిభుజం పెట్టి, పైథాగరస్ సిద్ధాంతంతో ఆ సమీకరణాన్ని తనే రాబట్టింది. నాప్‌కిన్ మీద సాంబారు పడింది. ఇప్పటికీ దాచుకున్నాను.

అంతవరకు ఆ పిల్ల ఏ పరీక్షలోనూ ఒక్క ప్రశ్న వదిలి ఎరుగదు. తెలియనిది ఎదురైతే ఏం చేయాలో తెలియకుండానే పన్నెండేళ్ళు వచ్చాయి. తెలివైన పిల్లలకు ఇది పెద్ద లోటు. పైకి కనపడదు, కాలేజీ మొదటి ఏడాదిలో బయటపడుతుంది. ఈ పరీక్ష దానిని ముందే చూపించింది, అదీ మార్కుల పుస్తకంలోకి ఎక్కని చోట.

1600కు 1150 వచ్చింది. ఆ ఏడాది హైస్కూలు ముగించినవారి సగటు 1060. స్కోరు కాగితం పట్టుకుని, పిల్లలు ఏ కోర్సులు తీసుకోవాలో చూసే బడి కౌన్సిలర్ దగ్గరకు వెళ్ళాం. అంతకుముందు రెండుసార్లు "అమ్మాయి బాగానే చదువుతోంది కదండీ" అని పంపేసిన మనిషి, ఈసారి కుర్చీ చూపించారు. ఎనిమిదో తరగతిలో హైస్కూలు గణితం రెండో కోర్సును రాష్ట్ర వర్చువల్ పబ్లిక్ స్కూల్ ద్వారా ఆన్‌లైన్‌లో తీసుకోనిచ్చారు. మాకు దక్కిన లాభం అదొక్కటే, అదే చాలు. టిప్ వేసవి శిబిరానికి కూడా అర్హత వచ్చింది గానీ, ఆ ఫీజుతో ఇంటిల్లిపాదీ ఇండియా వెళ్ళి రావచ్చు. వెళ్ళి వచ్చాం.

ఇక చిన్నవాడు. వాడు ఎనిమిదికి వచ్చేసరికి టిప్ లేదు, రాయమని పిలిచినవారూ లేరు. కానీ మా మిత్రుల ఇళ్ళలో ఉగాది విందులంటే పచ్చడి తరువాత స్కోర్లే. "మా వాడికి 1400." "మా వాడు ఇంకో పదిహేను రోజులుంటే 1450 కొట్టేవాడు." హైదరాబాద్, విజయవాడల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పెడతారని నవ్వుకునేవాళ్ళం మేమందరం. నవ్వుకుంటూనే 2021 వేసవిలో వాడిని ఒక ఆన్‌లైన్ కోచింగ్‌లో చేర్పించాను. వారానికి మూడు రోజులు, పది వారాలు. మరుసటి వసంతంలో రాస్తే 1310. అక్క కంటే 160 ఎక్కువ. కాలనీలో మిఠాయి పంచలేదు గానీ, పంచినంత పని చేశాను.

తొమ్మిదిలో వాడి గణితం టీచర్ బోర్డు మీద వర్గ సమీకరణం రాసి సాధించమన్నారట. మావాడు లేచి "ఆప్షన్లు ఏవి?" అన్నాడు. తరగతి నవ్వింది. వాడు హాస్యానికి అనలేదు. కోచింగ్‌లో నేర్పింది అదే: ఇచ్చిన నాలుగు జవాబులనూ ఒక్కొక్కటిగా వేసి చూడటం. చూస్తే అందులో తప్పేమీ లేదు, పదిహేడేళ్ళవాడికి మంచి కిటుకు. సమీకరణం అంటే ఏమిటో ఇంకా కుదురుకోని పిల్లవాడికి మాత్రం అదే గణితమైపోయింది. ఆ 1310లో వాడిది ఎంతో, కోచింగ్‌ది ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. కుంచంలో బియ్యంతో పాటు గులకరాళ్ళు పోసి కొలిచాను. పైగా ఆ స్కోరుతో చేయవలసిన పని ఏదీ లేదు. ఏ కోర్సూ అడగలేదు, ఏ బడినీ కలవలేదు. విందులో చెప్పుకోవడానికి తప్ప.

కాబట్టి మీకు నా మాట: స్కోరు వచ్చాక ఎవరి దగ్గరకు వెళ్ళి ఏం అడుగుతారో ముందు తేల్చుకోండి. పై తరగతి గణితమా, హాప్కిన్స్ వారు ప్రతిభగల పిల్లల కోసం నడిపే సీటీవై లాంటి చోట కోర్సా, కౌన్సిలర్‌తో మాట్లాడటమా. ఏదీ లేకపోతే ఆ శనివారం పిల్లవాడిని నిద్రపోనివ్వండి. ఉంటే, ఒక్కసారి, కోచింగ్ లేకుండా రాయించండి. అయితే రాసేది వాడు, వద్దంటే వదిలేయండి. పరీక్షంటేనే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లవాడైతే అసలు వద్దు. శాట్ మరీ బరువనిపిస్తే, శాట్‌కు సన్నాహంగా పెట్టే పీశాట్ పరీక్షల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల కోసం పీశాట్ 8/9 ఉంది, 1440 వరకే. అది సాధారణంగా బడిలోనే పెడతారు, అడిగి చూడండి. సీటీవై వారు స్కాట్ అనే పరీక్షను కూడా తీసుకుంటారు. అదీ తరగతికి పై స్థాయిదే, చాలా చిన్నది.

కాలేజీల భయం మాత్రం వదిలేయండి. ఏడో తరగతి స్కోరుతో ఎవరూ సీటు ఆపరు, ఎవరూ సీటు ఇవ్వరు. మా అమ్మాయి దరఖాస్తుల్లో ఆ 1150 ఊసే లేదు, పదకొండులో మళ్ళీ రాసింది. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు ఇది పనికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దానికి పదకొండో తరగతి పీశాట్ లెక్కే చూస్తారు. పదమూడేళ్ళు నిండనివారికి నమోదు మామూలు దారిలో జరగదు, అందుకని శాట్ నడిపే కాలేజీ బోర్డు వెబ్‌సైట్‌లో ఆ నిబంధనలు ముందే చదువుకోండి. ఆఖరి వారంలో మొదలుపెడితే తిప్పలు పడతారు.

పుస్తకాలు ఒక్కటీ కొనవద్దు. పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే, 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు. ఇంగ్లీషులో గానీ గణితంలో గానీ మొదటి సగం బాగా చేస్తే దాని రెండో సగం కష్టంగా వస్తుంది, కాబట్టి కష్టమనిపిస్తే కంగారు పడవద్దని వాడికి ఒక మాట చెప్పి ఉంచండి. వాళ్ళ బ్లూబుక్ యాప్‌లో ఉచిత నమూనా పరీక్షలు ఉన్నాయి, ఒకటి చేయించండి, రెండోది వద్దు. ల్యాప్‌టాప్ ముందు రోజు రాత్రే ఛార్జింగ్‌కు పెట్టండి. విరామం పది నిమిషాలే ఉంటుంది, పులిహోర కలిపితే చెంచా మరిచిపోవద్దు. మా అమ్మాయి చేత్తోనే తిని, రెండో భాగమంతా పసుపు వేళ్ళతో రాసింది.