తపాలా ముద్ర: రిటైరైన పోస్ట్‌మాస్టర్‌ను అడగండి

ప్రశ్న: మా తాతయ్య 1958లో రాసిన పోస్టుకార్డు దొరికింది. ఆయన చేత్తో వేసిన తేదీ 9. స్టాంపు మీద ముద్రలో 11 ఉంది, పక్కన ఇంకో ముద్రలో 14. ఏది నమ్మాలి? స్టాంపు రద్దు చేయడానికి ఒక ముద్ర చాలు కదా, రెండోది ఎందుకు? (ఒక పాఠకురాలు, చీరాల)

మూడూ నమ్మండమ్మా. తాతగారు 9న రాశారు. 11న పోస్టాఫీసులో ముద్ర పడింది. ఆ మధ్య కార్డు డబ్బాలో ఉందో, ఆయన చొక్కా జేబులో ఉందో కార్డు చెప్పదు. నా అనుమానం జేబు మీదే. 14న మీ ఊరి ఆఫీసుకు చేరింది. అది డెలివరీ ముద్ర. కవరైతే వెనక వేసేవాళ్ళం. కార్డుకు వెనకంతా రాతే కాబట్టి చిరునామా వైపు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కొట్టేవాళ్ళం.

ముద్ర ఉన్నది స్టాంపు రద్దు చేయడానికే అని మీరే కాదు, చాలామంది అనుకుంటారు. కానీ ముద్ర పుట్టేనాటికి స్టాంపే లేదు. 1661లో ఇంగ్లండ్ తపాలా పెద్ద హెన్రీ బిషప్. ఏడాదికి 21,500 పౌన్ల గుత్తకు తపాలా నడిపేవాడు. ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని జనం గోల పెడితే ఒక చిన్న గుండ్రటి ముద్ర చేయించాడు. మధ్యలో గీత, ఒక సగంలో నెల, ఇంకో సగంలో తారీఖు. ఏడాది లేదు, ఆ పనికి అక్కర్లేదు కూడా. ఉత్తరం ఆఫీసుకు ఏ రోజు వచ్చిందో దాని మీదే అచ్చు పడితే, ఇక దాన్ని తొక్కిపెట్టే ధైర్యం ఏ బంట్రోతుకూ ఉండదని ఆయన లెక్క. అంటే తేదీ ముద్ర మొదలైందే మా పోస్టాఫీసు వాళ్ళ మీద నిఘాకి! మీ కార్డు మీది 14 ఇప్పటికీ ఆ పనే చేస్తోంది. 11కీ 14కీ మధ్య మూడు రోజులకు జవాబుదారీ మాదే, తాతగారిది కాదు.

స్టాంపు వచ్చింది 1840 మేలో. నల్లటి పెన్నీ స్టాంపు మీద మాల్టీస్ క్రాస్ ఆకారపు ముద్రను ఎర్ర సిరాతో కొట్టారు. నలుపు మీద ఎరుపు సరిగా కనిపించలేదు, పైగా జనం సిరా తుడిచేసి మళ్ళీ అంటించడం మొదలుపెట్టారు. 1841లో రంగులు తారుమారు చేశారు: స్టాంపు ఎరుపు, సిరా నలుపు. మా చేతులకు అంటిన ఆ నలుపు సబ్బుకు కూడా ఒక పట్టాన లొంగేది కాదు.

పొద్దున ఆఫీసు తెరవగానే ముద్రలో తేదీ మార్చేవాళ్ళం. తారీఖు, నెల, ఏడాది విడివిడి లోహపు ముక్కలు. పాతవి తీసి కొత్తవి బిగించి, ముందు పుస్తకంలో ఒకటి కొట్టి చూసుకోవాలి. 6ను తలకిందులుగా బిగిస్తే 9 అవుతుంది, ఆ రోజు ఊరి ఉత్తరాలన్నీ మూడు రోజులు ముందుకు పోతాయి!

ప్రశ్న: వరంగల్‌లో మా ఇంట్లో ఉన్న 1940ల నాటి కవరు మీద ముద్రలో ఉర్దూ అక్షరాలున్నాయి. స్టాంపు మీద బ్రిటిష్ రాజు బొమ్మ లేదు. నకిలీదా? (ఒక పాఠకుడు)

వస్తువు చూడకుండా తీర్పు చెప్పను. కానీ మీరు చెప్పిన రెండు లక్షణాలూ అనుమానించాల్సినవి కావు. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది, 1869 నుంచి సొంత స్టాంపులూ ఉండేవి. వాటి మీద బ్రిటిష్ రాజు ఎందుకుంటాడు? అయితే ఆ స్టాంపులు రాజ్యం లోపలే చెల్లేవి. బయటికి రాయాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాలి. అందుకని ముందు చిరునామా చూడండి. ఉత్తరం రాజ్యంలోని ఊరికే వెళ్ళుంటే లెక్క కుదిరినట్టే. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది.

ప్రశ్న: పాత కవర్ల నుంచి స్టాంపులు నీళ్ళలో నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చా? (తొమ్మిదో తరగతి విద్యార్థి, నంద్యాల)

వద్దు బాబూ. 1911 ఫిబ్రవరి 18న ఆన్రీ పెకే అనే ఫ్రెంచి కుర్రాడు అలహాబాద్ నుంచి యమున దాటి నైనీకి విమానంలో సుమారు 6,500 ఉత్తరాలు తీసుకెళ్ళాడు. వాటి మీద స్టాంపులు మామూలువే. సేకరించేవాళ్ళు వెతికేది విమానం బొమ్మ ఉన్న ఆ ప్రత్యేక ముద్ర కోసం. స్టాంపు ఊడదీస్తే ముద్ర సగం కవరు మీదే ఉండిపోతుంది. కవరును అలాగే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండ తగలని చోట దాచుకో.