ప్రాగ్‌లో వీకెండ్: ఫోన్ సంగతులు బయల్దేరే ముందే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ప్రాగ్ గురించే. జర్మనీ నుంచి రైల్లోనో బస్సులోనో వెళ్లి, శని, ఆదివారాల్లో తిరిగి రాగల ఊరు కాబట్టి ఆశ్చర్యం లేదు. నేనూ అలా వెళ్లొచ్చినవాణ్నే.

ప్రశ్న: ఆఫీసు పని మీద మూడు వారాలు మ్యూనిక్ వెళ్తున్నాను. ఒక వీకెండ్ ప్రాగ్ చూడాలని ఉంది. జర్మనీ సిమ్ అక్కడ పనిచేస్తుందా? బ్యాంకు ఓటీపీలు రాకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

మామూలు జర్మనీ సిమ్ అయితే పనిచేస్తుంది. ఒక యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశంలో తీసుకున్న సిమ్‌ను మరో ఈయూ దేశంలో అదనపు రోమింగ్ చార్జీ లేకుండా వాడుకునే నిబంధన 2017 జూన్ నుంచి ఉంది. చిక్కల్లా ట్రావెల్ ఈ-సిమ్‌లతోనే, అంటే కార్డు లేకుండా నేరుగా ఫోన్‌లోకే ఎక్కే సిమ్‌లతోనే. కొన్ని ప్లాన్లు ఒక్క జర్మనీకే పరిమితం. కొనేముందు దేశాల జాబితాలో ప్రాగ్ ఉన్న చెక్ రిపబ్లిక్ ఉందో లేదో చూడండి. ఈ-సిమ్‌ను ఇంట్లో వైఫై ఉండగానే ఎక్కించుకోండి. దాన్ని ఎక్కించే క్యూఆర్ కోడ్ అదే ఫోన్‌కు వస్తే దాని కెమెరాతో స్కాన్ చేయలేరు, ల్యాప్‌టాప్‌లో తెరవాలి. పనిచేయడం లేదని డిలీట్ మాత్రం చేయకండి. చాలా కోడ్‌లు ఒక్కసారికే చెల్లుతాయి.

ఓటీపీల కోసం మన సిమ్ ఆన్‌లోనే ఉంచాలి. బయల్దేరకముందే మీ ఆపరేటర్ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. ఎస్సెమ్మెస్ రావడానికి సాధారణంగా చార్జీ ఉండదు, కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. డేటాకు ఈ-సిమ్‌ను ఎంచుకుని, మన సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేయండి. సిగ్నల్ బలహీనపడితే ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకు మారిపోయే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్నీ ఆపండి.

ఇక డబ్బు. అక్కడ యూరో కాదు, చెక్ కొరునా. మీ కార్డుకు విదేశీ వాడకం ఆన్‌లో ఉందో లేదో బ్యాంకు యాప్‌లో ముందే చూసుకోండి. మెషీన్ ‘రూపాయల్లో కడతారా, కొరునాల్లోనా’ అని అడిగితే కళ్లు మూసుకుని కొరునా నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాడిది, మీ బ్యాంకుది కాదు. నేను ప్రాగ్ పాత బస్తీలో ఓ ఏటీఎం దగ్గర తొందరలో రూపాయలు నొక్కాను. ఆ పూట భోజనం ఖర్చంత పోయింది.

ప్రశ్న: అమ్మానాన్నలను తీసుకెళ్తున్నాం. ఎక్కువ నడవలేరు. నెట్ లేకున్నా దారి చూపించే యాప్ ఏది?
– ఒక పాఠకురాలు, ఫ్రాంక్‌ఫర్ట్

గూగుల్ మ్యాప్స్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకున్నా అది చూపేది కారు దారే. నడక దారులు, ట్రామ్ రూట్లు నెట్ లేకుండా రావు. ప్రాగ్ పాత బస్తీలో తిరిగేదేమో కాళ్ల మీద! అక్కడి సెజ్నమ్ కంపెనీ తయారు చేసిన ‘మాపీ’ యాప్ నడకకు చాలా మెరుగు. ఎత్తుపల్లాలు కూడా చూపిస్తుంది, మీకు కావలసింది అదే. ప్రాగ్ కోట గుట్ట మీద ఉంటుంది. పెద్దవాళ్లను కింది నుంచి మెట్లెక్కించకండి. 22వ నంబరు ట్రామ్ ఎక్కి ‘ప్రాజ్‌స్కీ హ్రాడ్’ స్టాపులో దిగితే కోటకు దాదాపు సమతలంగానే వెళ్లొచ్చు. తర్వాత నెమ్మదిగా చార్లెస్ వంతెన వైపు దిగండి. 1357లో మొదలుపెట్టిన ఆ రాతి వంతెన పొడవు 516 మీటర్లు. అంతా రాళ్లు పరిచిన నేల, మంచి బూట్లు వేయించండి.

ఇరుకు సందుల్లో మ్యాప్‌లోని నీలి చుక్క పక్క వీధిలోకి దూకితే ఫోన్ పాడైందనుకోవద్దు. ఉపగ్రహ సంకేతాలు ఎత్తైన గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంటే దూరం లెక్క తప్పుతుంది. కాస్త వెడల్పైన చోటికి వెళ్తే సర్దుకుంటుంది.

ట్రామ్, మెట్రో టికెట్లకు ‘పీఐడీ లీటాచ్కా’ యాప్ ఉంది. కొనడం వేరు, యాక్టివేట్ చేయడం వేరు. ఎక్కాక చేద్దాంలే అనుకోకండి. నొక్కిన వెంటనే టికెట్ చెల్లదు, కొంచెం వ్యవధి పడుతుంది. తనిఖీ చేసేవాళ్లకు ఈ సాకులన్నీ కంఠతా వచ్చు.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌ను టూరిస్టు గైడ్‌గా వాడుకోవచ్చా?
– ఒక విద్యార్థి, విజయవాడ

కథలకు వాడుకోండి, వేళలకు వద్దు. మ్యూజియం ఎప్పుడు తెరుస్తారో దాని సొంత సైట్లోనే చూడాలి. మెనూ చదవడానికి ట్రాన్స్‌లేట్ యాప్‌లో చెక్ భాషను ముందే దించుకోండి. శాకాహారులైతే సూప్ మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో మనిషినే అడగండి.

అన్నట్టు ‘రోబో’ అనే మాట పుట్టింది చెక్ భాషలోనే. కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలో కృత్రిమ మనుషులకు ఏం పేరు పెట్టాలో తోచకపోతే చిత్రకారుడైన అన్న జోసెఫ్ ఈ మాట అందించాడట. ‘రొబోటా’ అంటే వెట్టిచాకిరీ. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకు ఆ మాట ఎవరూ అనువదించి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేలో ప్రాగ్ వెళ్లొచ్చాం. ఫోన్ ఫొటోలు, డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో వేస్తే వరస కలగాపులగమైంది. ఎలా సరిచేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఫోన్ అక్కడి టైంకు మారింది, కెమెరా మన టైంలోనే ఉండిపోయింది. వేసవిలో తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. మీరు వెళ్లింది మేలో కాబట్టి మూడున్నర తగ్గించాలి. మ్యాక్‌లో అయితే ఫొటోస్ యాప్‌లో కెమెరా ఫొటోలన్నీ ఎంచుకుని తేదీ, సమయం ఒకేసారి జరపొచ్చు. విండోస్‌లో ఉచితంగా దొరికే ‘డిజికామ్’లో ఈ సౌకర్యం ఉంది. ముందు ఒరిజినల్స్ కాపీ తీసిపెట్టుకోండి.

కెమెరా గడియారం నిమిషాల్లోనూ తప్పి ఉంటే? పాత బస్తీ చౌకులో 1410 నాటి ఖగోళ గడియారం ఫొటో తీసే ఉంటారు. పైన కిటికీల్లో ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు కనిపిస్తున్న ఫొటో వెతకండి. ఆ బొమ్మలు గంట కొట్టే వేళే వస్తాయి. ఆ ఫొటోకు కెమెరా 2:37 అని చూపిస్తుంటే అసలు టైం 11 అన్నమాట, మూడున్నర గంటలతో పాటు ఇంకో ఏడు నిమిషాలు తగ్గించండి. యూదుల పేటలోని టౌన్ హాల్ మీద హీబ్రూ అంకెల గడియారం ఫొటో దొరికితే మాత్రం దాన్ని పట్టుకోకండి. దాని ముళ్లు వెనక్కి తిరుగుతాయి.