బొలేరో వెనక బుల్లెట్: ట్రైలర్ కొనే ముందు

ఈసారి మూడు ఉత్తరాలూ ఒకే విషయం మీద, అంటే బండి వెనక తగిలించి బైకు తీసుకెళ్లే ట్రైలర్ మీద, మూడూ ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచే వచ్చాయి. కాబట్టి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాం.

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జైపూర్. బొలేరో ఉంది, బుల్లెట్ 350 ఉంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు అమ్మానాన్నలతో విశాఖ వెళ్లి అక్కడ చాలా రోజులు ఉంటాం, అందుకే బుల్లెట్‌ని కూడా వెంట తీసుకెళ్లాలని ఉంది. సాలూరులో ఒక వెల్డింగ్ షాపాయన ఆటో చక్రాలు వేసి సగం ధరకే ట్రైలర్ కట్టిస్తానంటున్నాడు. కట్టించమంటారా?

జవాబు: వద్దండి. సాలూరు వాళ్ల పనితనం మీద అనుమానంతో అనడం లేదు, లారీ బాడీలు కట్టే ఊరికి వెల్డింగ్ గురించి మనం చెప్పేదేముంది. చిక్కంతా కాగితాల దగ్గర. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, ఇంజను లేకపోయినా సరే. అంటే దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ఆర్టీవో ఆఫీసులో ఫారం 20తో పాటు అమ్మినవాడిచ్చే ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 అడుగుతారు, షెడ్డులో కట్టిన బండికి ఆ రెండూ ఎవరిస్తారు చెప్పండి? పొలం ట్రాక్టర్ల ట్రక్కులు నంబరు లేకుండా ఊరంతా తిరుగుతున్నాయి కదా అంటారేమో. అవి తిరుగుతున్నది ఊళ్లో, మీరు వెళ్లేది రాష్ట్రం దాటి. ఓడీ 10 నంబరు బొలేరో వెనక నంబరు లేని ట్రైలర్ కనిపిస్తే ఆంధ్రా వైపు ఆపకుండా వదిలేస్తారని నేనైతే అనుకోను. ట్రైలర్‌కి దాని నంబరు పక్కన కనపడాలి, వెనక వైపు మీ బొలేరో నంబరు కూడా ఉండాలి. ఇన్సూరెన్సు వాళ్లకి ట్రైలర్ సంగతి ముందే చెప్పి పాలసీలో రాయించుకోండి, లేకపోతే అది ఊడి వెళ్లి ఎవరినైనా గుద్దితే డబ్బు మీ జేబులోంచే.

కాబట్టి అమ్మేవాడిని ధర కంటే ముందు ఫారం 21, 22 ఇస్తావా అని అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి.

ఇక చక్రాలు. ఆటోకి మామూలుగా వేసేది 4.00-8 సైజు టైరు, అంటే 8 అంగుళాల చక్రం. చిన్న చక్రం కాబట్టి అదే స్పీడుకి ఎక్కువ సార్లు తిరుగుతుంది, బేరింగు త్వరగా వేడెక్కుతుంది, గుంట వస్తే నిలువునా దిగబడుతుంది. ఆటో నడిచే స్పీడు వేరు, మీ బొలేరో హైవే మీద నడిచే స్పీడు వేరు. 12 అంగుళాల చక్రం ఉన్నది చూసుకోండి, అందులోనూ టాటా ఏస్‌కి వేసే 145 ఆర్12 సైజు అయితే మరీ మంచిది, ఎందుకంటే పొట్టంగిలోనో రామభద్రపురంలోనో టైరు పేలితే పంక్చర్ షాపులో దొరికే అవకాశం దానికే ఎక్కువ. చూడ్డానికి బాగుందని ఎవరి దగ్గరా దొరకని సైజు టైరున్న ట్రైలర్ కొంటే రోడ్డు పక్కన కూర్చోవాల్సిందే. స్పేర్ చక్రం అడిగి మరీ తీసుకోండి, బేరింగులకి గ్రీజు ఎక్కడ కొట్టాలో కూడా చూపించమనండి.

అసలు టెన్షన్ అంతా సుంకి దాటాక సాలూరు వైపు దిగే ఘాట్ దగ్గర. బుల్లెట్ 195 కిలోలు, ట్రైలర్ ఖాళీగా 150 కిలోలు అనుకున్నా 345 కిలోలు మీ వెనక నుంచి తోస్తూ వస్తుంది, పైగా ఇలాంటి చిన్న ట్రైలర్లలో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. అంటే ఆ మలుపులన్నీ బొలేరో బ్రేకులే మోయాలి. దిగుడు మొదలయ్యే ముందే రెండో గేరులో వేసుకుని ఇంజను పట్టు మీద దిగండి, పెడల్ మీద కాలు పెట్టి అలాగే దిగితే బ్రేకులు కాలి పట్టు తగ్గిపోతుంది. బ్రేకున్న ట్రైలర్ మీ బడ్జెట్‌లో దొరికితే ఆ డబ్బుకి వెనకాడకండి.

బరువు ఎక్కడ పడుతుందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద, అంటే మీ బండికి తగిలించే చోట పడాలి. మీ లెక్కకి 35 నుంచి 50 కిలోలు. అంతకంటే తక్కువైతే స్పీడు పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, ఆ ఊపు ఒకసారి పెద్దదైతే ఆపడం కష్టం. ఊపు వస్తే గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగు నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. కొనే ముందే చూసుకోవచ్చు: ట్రైలర్ మీద బుల్లెట్ ఎక్కించి కట్టేసి, ముక్కు కింద ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ పెట్టి, మీ హుక్ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో నిలబెట్టి చూడండి. తక్కువ చూపిస్తే బైకుని నాలుగు అంగుళాలు ముందుకి జరిపితే చాలు, ముల్లు కదులుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే క్లాంపు అటూ ఇటూ జరిపి బిగించుకునేలా ఉన్న ట్రైలర్ తీసుకోమనేది అందుకే, ఒకేచోట వెల్డింగ్ చేసేసినది అయితే ఈ సర్దుబాటు కుదరదు.

హుక్ బార్ బొలేరో ఛాసిస్‌కే బోల్టులతో బిగించాలి, బంపర్‌కి కాదు. ఆ బార్ చివర ఉండే గుండు, అంటే బాల్, మామూలుగా 50 మిల్లీమీటర్లది, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు గిన్నె కూడా అదే సైజుదో కాదో చూసుకోండి. రెండు సేఫ్టీ చైన్లు ముక్కు కింద నుంచి ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా తగిలించండి, బాల్ ఊడినా ముక్కు నేలకి గుచ్చుకోకుండా ఆ చైన్ల మీదే ఆగుతుంది. వెనక బ్రేకు లైటు, ఇండికేటర్లు ట్రైలర్‌కి కూడా వెలగాలి. ఇంకా చెప్పాల్సింది ర్యాంపు గురించి: ట్రైలర్ నేల నుంచి అర మీటరు ఎత్తుంటే ర్యాంపు కనీసం రెండు మీటర్లు ఉండాలి. పొట్టిగా ఉంటే బుల్లెట్ పొట్ట అంచుకి తగులుతుంది, పైగా ఒక్కరే నెట్టలేరు.

ఇంతా చెప్పాక నా మాట ఏంటంటే, ఏడాదికి మూడు నాలుగు సార్లే అయితే కొనకుండా టాటా ఏస్ మాట్లాడుకోవడమో, రైల్లో పార్శిల్ వేయడమో చూడండి. రైలుకైతే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ కాపీ కావాలి, ప్యాకింగ్ చేయించాలి. మిగతా నెలలంతా ట్రైలర్ మీ దొడ్లో ఎండకి ఎండి వానకి తడుస్తూ టైర్లు పాడుచేసుకుంటూ కూర్చోవడం కంటే ఇది నయం కదా.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి డర్ట్ బైక్ ఉంది, దానికి రిజిస్ట్రేషన్ లేదు, ప్రాక్టీసుకి తీసుకెళ్లాలి. మాకున్నది స్విఫ్ట్. కారు వెనక తగిలించే బైక్ క్యారియర్ సరిపోతుందా, ట్రైలర్ కావాలా?

జవాబు: వెనక వేలాడే క్యారియర్ మాత్రం వద్దు. 100 కిలోల బైకు వెనక చక్రాల అవతల వేలాడితే ముందు చక్రాలు తేలికైపోతాయి, స్విఫ్ట్‌ని లాగేదీ తిప్పేదీ ఆ ముందు చక్రాలే. వానలో ఎగుడు రోడ్డు వస్తే అవి జారతాయి. ఒక బైకు పట్టే తేలికైన ట్రైలర్ పాతపట్నం, టెక్కలి రోడ్ల మీద నడుస్తుంది, కానీ ముందు కారు మాన్యువల్లో లాగగలిగే బరువు ఎంత రాశారో చదవండి. లాగకూడదని రాసుంటే ఇక అడగాల్సిన పనే లేదు. ఇంకొకటి, బంపర్‌లో తిప్పి పెట్టే చిన్న రింగు చూసి దానికే ట్రైలర్ కట్టేద్దామనుకునేవాళ్లు ఉంటారు. అది బండి ఆగిపోతే లాగించుకోవడానికి ఇచ్చింది, ట్రైలర్‌కి కాదు. బైకుకి నంబరు లేదు కాబట్టి కొన్న రసీదు కాపీ వెంట పెట్టుకోండి.

ప్రశ్న: నేను రాయగడలో ఉంటాను. మా తమ్ముడు పల్సర్‌ని పికప్‌లో నైలాన్ తాడుతో గట్టిగా బిగించి తెచ్చాడు, తెచ్చాక ముందు ఫోర్కుల్లోంచి (ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే షాకబ్జార్బర్ గొట్టాల్లోంచి) నూనె కారుతోంది. ఈసారి ట్రైలర్ మీద తేవాలనుకుంటున్నాం. కట్టడం ఎలా?

జవాబు: తాడు కాదమ్మా, ర్యాచెట్ స్ట్రాపులు, అంటే మీట ఆడిస్తే పన్ను పన్నుగా బిగుసుకునే పట్టీలు కొనండి, నాలుగు. తాడు సాగుతుంది, సాగుతుందన్న భయంతోనే మనవాళ్లు ఫోర్కులు పూర్తిగా దిగిపోయేదాకా బిగిస్తారు, అలా గంటలకొద్దీ నొక్కి ఉంచితే ఆయిల్ సీల్ పోతుంది. సీలు మార్పిస్తే సరిపోతుంది, కంగారు పడకండి. ముందు చక్రం క్లాంపులో పెట్టి, ఫోర్కుల్ని పట్టి ఉంచే కింది కడ్డీకి రెండు వైపులా మెత్తటి పట్టీ లూపులు చుట్టి, వాటికి స్ట్రాపు కొక్కేలు తగిలించి ముందుకీ పక్కకీ లాగి బిగించాలి. ఫోర్కు సగం దిగితే చాలు. హ్యాండిల్ చివర్లకి కట్టకండి, వంగిపోతాయి. వెనక రెండు స్ట్రాపులు చక్రం అటూ ఇటూ జరగకుండా పట్టేంత ఉంటే సరి. సైడు స్టాండు మీద నిలబెట్టి కట్టొద్దు, ప్రతి కుదుపుకీ బరువంతా దాని మీదే పడుతుంది. స్ట్రాపు మిగిలిన కొస గాలికి కొట్టుకోకుండా ముడేయండి. బయల్దేరిన పది పదిహేను కిలోమీటర్లకి ఒకసారి ఆగి చేత్తో లాగి చూడమని మీ తమ్ముడికి చెప్పండి, అప్పటికి కొంచెం వదులై ఉంటాయి, ఇంకో రెండు పళ్లు బిగించుకోవాలి.