నడుము లోతు సముద్రంలో పోయిన ఉంగరాన్ని మెటల్ డిటెక్టరుతో ఎలా వెతకాలి?

నడుము లోతు నీళ్లలో జారిపోయిన పెళ్లి ఉంగరాన్ని మెటల్ డిటెక్టరుతో ఎలా వెతకాలని మీరు అడిగారు. నేను ఫ్లోరిడాలో, టాంపాకు దగ్గరలో ఉంటూ కొన్నేళ్లుగా గల్ఫ్ (మెక్సికో సింధుశాఖ) తీరంలో నీటిలో నడుస్తూ వెతుకుతున్నాను. యంత్రం సంగతి తర్వాత; ముందు ఉంగరం పడిన చోటును తేల్చుకోండి.

అది పడిన వేళకు పోటు ఎంత ఉందో పోటుపాటుల పట్టికలో చూడండి. అప్పుడు నడుము వరకు ఉన్న నీరు, పాటు సమయానికి తొడల వరకే ఉండవచ్చు. ఒక మిత్రుడి ఉంగరం కోసం వెళ్లినప్పుడు ఈ లెక్క మరచి, రెండు సాయంత్రాలు నడుము లోతులోనే వెతికాను. చివరకు అది ఒడ్డు వైపు ఇరవై అడుగుల దూరంలో దొరికింది. విశాఖ జాలర్లు కొండనో దీపస్తంభాన్నో గురి పెట్టుకున్నట్లు, ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకుంటే వెతికిన వరుస తప్పిపోదు.

ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రాలు ఉప్పుకే మోగుతూ విసిగిస్తాయి. విద్యుత్తును చిన్న చిన్న తునకలుగా పంపి వెతికే పల్స్ ఇండక్షన్ యంత్రాలకు ఆ ఇబ్బంది తక్కువే, ఇసుకలో లోతున ఉన్నవాటినీ పట్టుకుంటాయి, కానీ మేకునూ బంగారాన్నీ వేరుచేసి చెప్పలేవు. అందుకే నేను ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేసే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాల వైపే మొగ్గుతాను. నా దగ్గరున్న మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 మూడు మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకుంటుంది. నీటిలో వాడే హెడ్‌ఫోన్లు మాత్రం విడిగా కొనుక్కోవాలి.

కాయిల్‌ను, అంటే డిటెక్టరు కింది కొసనుండే చక్రాన్ని, అడుగు ఇసుకకు దాదాపు ఆనించి, నీటి ఉరవడికి అది పైకి లేవకుండా చూసుకుంటూ, ప్రతి ఊపూ ముందరి ఊపును సగం కప్పేలా నెమ్మదిగా తిప్పుతూ, ఒడ్డుకు సమాంతరంగా నడవాలి. బంగారు ఉంగరమూ, కూల్‌డ్రింకు డబ్బా మూతకుండే అల్యూమినియం రింగూ ఇంచుమించు ఒకేలా మోగుతాయి కనుక, ఇనుము తప్ప మోగిన ప్రతిదాన్నీ తవ్వి తీరాలి.

కొత్తవారికి చేజారేది తవ్వేటప్పుడే. మోత ఎక్కడ గట్టిగా ఉందో చూసి, కాయిల్ వెనుక అంచుకు పాదం ఆనించి, ఆ పాదాన్ని కదల్చకుండా కాయిల్‌ను పక్కకు తీయండి. పొడవు పిడి ఉన్న చిల్లుల స్కూప్‌ను బొటనవేలి ముందు, కాయిల్ నడిమి భాగం ఉన్నంత దూరంలో దించి, రెండో కాలితో అదమండి. స్కూప్ పైకి తీశాక ఇసుకను జాడించే ముందే ఆ గుంటపై కాయిల్‌ను మళ్లీ తిప్పి చూడండి. ఇంకా మోగుతుంటే వస్తువు అడుగునే ఉన్నట్లు.

స్వచ్ఛమైన బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, ఇసుక రేణువుది సుమారు 2.65. అలలు ఇసుకను కదిలించిన కొద్దీ ఉంగరం కిందికి దిగిపోతుంది కనుక వారాంతం కోసం ఆగకండి. ఇక్కడి లోతు తక్కువ నీళ్లలో తోకకు విషపు ముల్లుండే టేకు చేపలు ఇసుకలో కప్పుకొని ఉంటాయి. పాదాలను ఎత్తి వేయక, ఈడ్చుకుంటూ నడిస్తే అవి ముందే తప్పుకుంటాయి. అమెరికాలో జాతీయ సముద్రతీర ఉద్యానాలలోకి డిటెక్టరును తీసుకెళ్లడమే నిషిద్ధం కనుక, మీరు వెళ్లే తీరం ఎవరి అధీనంలో ఉందో ముందే కనుక్కోండి.